అలవాటు ఎవరిది?

మానవుని జీవితములో పెద్ద నిర్ణయములు చేయవలసిన రోజులు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. చదువు, ఉద్యోగము, వివాహము, ఊరు విడుచుట, తల్లిదండ్రుల మరణము: ఇట్టి ఘట్టములను తీసివేస్తే మిగిలిన వేలాది దినములు చిన్న చిన్న అలవాట్లతోనే గడచిపోతాయి. తెల్లవారగానే ఏమి త్రాగుతాము, వార్తాపత్రికను మొదటి పుటనుండి చదువుతామా, చివరి పుటనుండి చదువుతామా, సాయంకాలము ఏ వీధిన నడుస్తాము, ఎవరి ఇంటి అరుగుమీద కూర్చుంటాము, కూర్చుండి ఎవరిని గురించి ఏమి మాట్లాడుతాము. జీవితమనే బట్టకు పడుగు పేకలు ఇవే. అయినను ధర్మాధర్మములను విచారించే గ్రంథములలో వీటికి చోటు తక్కువ. కురుక్షేత్రమున అర్జునునికి కలిగిన సందేహమును గురించి వేల పుటలు వ్రాయబడినవి. ఆ ఉదయము అర్జునుడు ఏమి తిని వచ్చాడో ఎవరును అడుగలేదు. అడుగనక్కరలేదనే మన నమ్మకము.

ఆ నమ్మకము నాకును చాలకాలము ఉండేది. 'చిన్న విషయము గదా' అన్న మాటతో మనము రోజుకు ఎన్నిమార్లు ఎన్ని ప్రశ్నలను దాటిపోతామో లెక్క లేదు. చిన్నది కనుక అది నా సొంతము. సొంతము కనుక దానిని గురించి మరొకరికి సంజాయిషీ ఇయ్యనక్కరలేదు. మన వాదము ఇంతే. ఈ వ్యాసములో ఒక్క చిన్న అలవాటును తీసికొని, అది నిజముగా నాదేనా, నాదే అయితే దానికి నేను ఎంతవరకు జవాబుదారిని అన్న ప్రశ్నను పరిశీలింపదలచాను. ఆ అలవాటు ఉదయమున ఒక కప్పు టీ త్రాగుట. ఇంతకంటె సామాన్యమైన ఉదాహరణము నాకు దొరకలేదు. అందుచేతనే దీనిని ఎన్నుకొన్నాను.

ముందుగా మాటలను కొంచెము చూచుట మంచిది. అలవాటునకు మన భాషలలో పేర్లు పెక్కు. మనలో ఉన్నదానిని అభిరుచి అంటాము. అదే ఎదుటివానిలో కనబడి మనకు నచ్చకపోతే వ్యసనమంటాము. పిల్లవానికి నేర్పదలచినపుడు అభ్యాసమంటాము. వంగభాషలో టీ త్రాగే అలవాటునకు కూడ 'అభ్యాస' శబ్దమునే వాడుతారు. యోగసూత్రములలో చిత్తవృత్తులను నిరోధించుటకు వైరాగ్యముతోపాటు పతంజలి చెప్పిన శబ్దమును అదే. ఇంకొక విశేషమున్నది. అభ్యాసము, వ్యసనము అను ఈ రెండు శబ్దములకును సంస్కృతమున ధాతువు ఒక్కటే. 'విసరుట' అని దాని అర్థము. ఒకే దిక్కునకు మరల మరల విసరినచో అభ్యాసము. చెల్లాచెదరుగా విసరినచో వ్యసనము. నీతిశాస్త్రకారులు రాజులకు చెప్పిన సప్తవ్యసనములలో మద్యపానముతోపాటు వేట, జూదము ఉన్నవి. పరుషముగా మాట్లాడుట కూడ ఉన్నది. వేట ఆనాటి రాజులకు తీరిక వేళ వినోదము. పరుషవాక్కు నోటికి వచ్చిన అభిప్రాయమును అనివేయుట. కనుక చిన్నదా పెద్దదా, వినోదమా కార్యమా అన్నదానిని పూర్వులు కొలతగా తీసికొనలేదు. చేతినుండి విడిచినది ఎక్కడ పడినదన్నదే వారి విచారణ.

ఇక నా టీ సంగతి. నేను తెలివి వచ్చిన నాటినుండి ఉదయము టీ త్రాగుతున్నాను. పొయ్యిమీద నీరు మరిగే చప్పుడు, అల్లము దంచే చప్పుడు వినబడిన తరువాతనే నాకు తెల్లవారినట్లు. ఇది నా స్వభావములో భాగమనియే అనుకొన్నాను. 'మాది టీ త్రాగే వంశము' అని నవ్వుతూ చెప్పిన రోజులు కూడ ఉన్నవి. కాని మా నాయనమ్మ బాల్యమున ఆ ఇంట టీ అన్న మాటయే లేదట. ఉదయము అందరికిని చద్దన్నమే. ఆమె పెండ్లియై అత్తవారింటికి వచ్చిన కొన్నాళ్లకు మా తాతగారు పట్నమునుండి ఒక పొట్లము తెచ్చి, కాచే విధము తానే చూపించారట. మొదటిసారి చేదుగా ఉన్నదని ఆమె పెరటిలో పారబోసినది. 'వంశము' అని నేను గొప్పగా చెప్పుకొన్నదానికి రెండు తరముల వయస్సు మాత్రమే ఉన్నదన్నమాట.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. దాదాపు దేశమంతటి కథ. అస్సాము ప్రాంతపు సింగ్ఫో జాతివారు తేయాకును ఎరిగినవారే. వారి వద్దనే 1823లో రాబర్ట్ బ్రూస్ అను స్కాట్లండు వర్తకుడు ఆ మొక్కను చూచాడు. 1839 జనవరిలో అస్సాము టీ ఎనిమిది పెట్టెలు లండనులో వేలము వేయబడినవి. అది మొదలు మన నేలలో పండిన తేయాకు సముద్రము దాటి పోయినదే గాని మన వంటిండ్లకు రాలేదు. ఇక్కడ త్రాగేవారు దొరలు, దొరలతో మెలగినవారు, పట్నములలోని కొద్దిమంది. పందొమ్మిదవ శతాబ్ది ముగిసేనాటికి కూడ సామాన్య గృహస్థునికి టీ జ్వరము వచ్చినపుడు త్రాగే కషాయమువంటిదే గాని నిత్యపానీయము కాదు.

మార్పు దానంతట అది రాలేదు. విదేశములలో ధర పడిపోయినపుడు సరకు మిగిలిపోతుంది గదా అని తోటల యజమానులు స్వదేశపు విపణివైపు చూచారు. 1903లో తేయాకు సెస్సు చట్టము వచ్చినది. ఎగుమతియైన తేయాకుమీద కొద్దిపాటి పన్ను వేసి, ఆ సొమ్ముతో టీ ప్రచారము చేయుట దాని ఉద్దేశము. మొదటి ప్రపంచయుద్ధకాలమున కర్మాగారములలో, బొగ్గుగనులలో, నూలుమిల్లులలో టీ దుకాణములు వెలసినవి. రైల్వే స్టేషన్లలో టీ అమ్మేవారిని ప్రోత్సహించారు. 1930లలో ఈ ప్రచారము మరింత ఉద్ధృతమైనది. ప్రచారకులు ఇల్లిల్లు తిరిగి, స్త్రీలకు టీ కాచే విధమును చూపి, ఉచితముగా పోసి ఇచ్చారు. నీరెంత, ఆకెంత, ఎన్ని నిమిషములు మూతపెట్టవలె అని దేశభాషలలో వ్రాసిన ఎనామెలు పలకలు స్టేషన్ల గోడలకెక్కినవి. ఆ దశకపు ప్రారంభముననే అస్సాములో కనుగొనబడిన సి.టి.సి. యంత్రము ఆకును నలిపి, చింపి, గుండ్రని చిన్న గుళికలుగా చేసే పద్ధతిని తెచ్చినది. స్వాతంత్ర్యానంతరము ఆ పద్ధతి వ్యాపించి, కొద్ది పొడితో చిక్కని టీ, తక్కువ ధరకు, బీదవానికి కూడ అందినది. ఈనాడు దేశములో తయారయ్యే టీలో ఇంచుమించు అయిదింట నాలుగు పాళ్లు మనమే త్రాగుతున్నాము.

దీనిని ప్రతిఘటించినవారు లేకపోలేదు. బెంగాల్ కెమికల్స్ స్థాపకుడును, రసాయనశాస్త్రజ్ఞుడును అయిన ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ టీ త్రాగుటను తీవ్రముగా ఖండించారు. 1942లో ఆగాఖాన్ భవనములో నిర్బంధములో ఉండి ఆరోగ్యమును గురించి వ్రాసిన పుస్తకములో గాంధీజీ టీ, కాఫీ, కోకోలు శరీరమునకు అవసరము లేనివని చెప్పారు. అదే కాలమున మరొకవైపు శాంతినికేతనములో, రవీంద్రుడు 1924లో చైనా పర్యటించి వచ్చిన పిమ్మట నెలకొల్పిన 'చా చక్రము'లో, పండితులు టీ చుట్టును కూర్చుండి సంభాషించేవారు. 1947 వచ్చేసరికి టీ ప్రకటనలలో ఒకదానిలో రాట్నము ముందు కూర్చున్న స్త్రీ చేత టీ కప్పు ప్రత్యక్షమైనది. టీ నూటికి నూరుపాళ్లు స్వదేశీ అని ఆ ప్రకటన చాటినది. నిన్న దొరల సరకు, నేడు స్వదేశీ! వర్తకుని చేతిలో మాటలు ఎంత సులువుగా తిరుగుతాయో ఈ ఒక్క చిత్రమే చెబుతుంది.

ఇదంతయు తెలిసికొన్న తరువాత నాకు మొదట కలిగిన భావము అవమానము. నా స్వభావమనుకొన్నది ఒక వర్తక సంఘము లెక్కల పుస్తకములో పద్దుగా వ్రాసికొన్న కోరిక! నేను పుట్టకముందే నా ఉదయమును ఎవరో కొనివేసి ఉంచారు! ఇట్టి అలవాటు నాది ఎట్లా అవుతుంది?

కాని ఈ వాదమును చివరవరకు లాగితే నిలువదు. మన కూరలలోని మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ఓడలలో వచ్చినది. బంగాళాదుంప ఆ ఖండమునుండి వచ్చినదే. అవి లేని భోజనమును మనమిప్పుడు మన భోజనమని ఒప్పుకొనము. నా మాతృభాషను సైతము నేను ఎన్నుకొనలేదు. నోరు తెరువనేర్వకముందే తల్లి నా చెవిలో వేసినది. ఇతరులు నాటినదెల్ల పరాయిది అనుకొంటే మనిషికి సొంతమనదగినది ఏదియు మిగులదు. కనుక అలవాటు ఎక్కడనుండి వచ్చినదన్నది తెలిసికొనదగిన విషయమే గాని, అది మనదా కాదా అని తేల్చే కొలత కాదు.

పైగా ప్రజలు ఆ ప్రచారకులు చెప్పినట్లు చేయనే లేదు. పలకలమీద వ్రాసిన విధము వేరు. వీధులలో కాగిన టీ వేరు. ఆకును విడిగా నానబెట్టి, కొంచెము పాలు కలుపవలెనని వారు బోధించారు. మనవారు ఆకు, పాలు, చక్కెర కలిపి ఒక్క గిన్నెలో పొంగించారు. అల్లము, ఏలకులు దంచి వేశారు. మసాలా వేస్తే ఆకు ఖర్చు తగ్గుతుందని వర్తకులు విసుగుకొన్నా ఎవరును వినలేదు. కాశ్మీరమున టీ ఉప్పుతో, గులాబిరంగుతో వచ్చినది. కలకత్తాలో మట్టి ముంతలో చేరినది. బొంబాయిలో సగము గ్లాసై 'కటింగ్' అనిపించుకొన్నది. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో విడిగా మరిగి చిక్కబడిన పాలతో, ఉస్మానియా బిస్కత్తుతో జతగూడినది. నేర్పినవాడు ఒకడు, నేర్చినవాడు తన చేతివాటమున దానిని మరొకటిగా చేశాడు. మా నాయనమ్మయే మొదట పారబోసిన టీని తరువాత తన లెక్కప్రకారము కాచి, మా తాతగారు 'ఇట్లా కాదు' అంటే నవ్వి ఊరకుండేదట. ఆ క్షణమున ఆ అలవాటు మా ఇంటిదైనదని నేను అనుకొంటాను.

ప్రశ్నలో సగము ఇక్కడికి తీరినది. నా అలవాటు నాదే. అయితే విసరినవాడు నేనే అయినపుడు, అది ఎక్కడ పడుతున్నదో చూడవలసినవాడిని కూడ నేనే గదా! ఈ రెండవ సగము నాకు చాలకాలము తట్టలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక బంధువుల ఇంటి శుభకార్యమునకు ఉత్తర బెంగాలులోని జల్పాయిగుడి ప్రాంతమునకు వెళ్లాను. అక్కడ చుట్టును తేయాకు తోటలే. దూరమునుండి చూస్తే కొండ దిగువన ఆకుపచ్చని తివాచి పరచినట్లు ఉంటుంది. తోటలో చిరుద్యోగియైన ఒక యువకుడు నన్ను కార్మికుల నివాసములవైపు తీసికొని వెళ్లాడు. 'లైన్లు' అని వాటిని పిలుస్తారు. ఒకదాని నొకటి ఆనుకొని వరుసగా కట్టిన ఇండ్లు. ఒక ఇంటిముందు ఒక వృద్ధురాలు పీట వేసి కూర్చుండబెట్టినది. ఆమె పూర్వులు ఛోటానాగపూరునుండి వచ్చినవారట. నలుబది ఏండ్లు ఆకు కోసినదట. చేతివ్రేళ్ల చివరలు నల్లబారి, చీలి ఉన్నవి. 'బాబూ, ఎండన వచ్చారు, కొంచెము టీ త్రాగండి' అని ఒక గ్లాసు నా చేతికిచ్చినది. నోట పెట్టుకోగానే ఉలిక్కిపడ్డాను. పాలు లేవు, చక్కెర లేదు. ఉప్పు వేసిన నల్లని టీ. తోటలలో వారు త్రాగేది అదే. నా ముఖమును చూచి ఆమె నవ్వినది. 'మీ వైపు పాలు, చక్కెర వేస్తారు గదా, పండుగనాడు మేమును వేస్తాము' అన్నది.

ఆ గ్లాసును పూర్తి చేయుటకు నాకు చాల సమయము పట్టినది. రుచి బాగులేక కాదు. ఆ కార్యమునకు బయలుదేరుటకు పదునైదు దినములు ముందు, మా ఇంటి వరండాలో కూర్చుండి, ఏదో తోటలో కూలీల సమ్మె వార్తను పత్రికలో చదివి, 'వీరికి పని తక్కువ, కోరికలు ఎక్కువ' అని నేను అన్నమాట ఆ క్షణమున నాకు జ్ఞాపకము వచ్చినది. ఆ మాట అన్నపుడు నా చేతిలో ఉన్నది టీ కప్పే. అది నేను ఆలోచించి చేసిన తీర్పు కాదు. ఎవరినో బాధపెట్టవలెనని అన్నదియు కాదు. ఊరక అన్నాను. మరునాటికి మరచాను. ఆ ముసలమ్మ వ్రేళ్లను చూడకపోతే ఎన్నటికిని జ్ఞాపకము రాకపోయేదే.

తిరిగి వచ్చిన తరువాత ఈ విషయమును గురించి కొంత చదివాను. ఒక కిలో టీ తయారగుటకు ఇంచుమించు నాలుగున్నర కిలోల పచ్చి ఆకు కావలెను. కప్పునకు రెండు గ్రాముల పొడి అనుకొంటే, నా ఉదయపు కప్పులో తొమ్మిది గ్రాముల పచ్చి ఆకు, రెండాకులు ఒక మొగ్గ చొప్పున ఎవరో చేతితో త్రుంచినది, ఉన్నదన్నమాట. ఆ చేతులను అస్సాము తోటలకు తెచ్చిన విధము కూడ తెలిసినది. ఛోటానాగపూరునుండి, సంతాల్ పరగణాలనుండి, మన గంజాం, విశాఖపట్టణ మండలములనుండి సైతము బీదజనమును కంట్రాక్టు వ్రాయించి తీసికొనిపోయారు. 1859 నాటి చట్టము ప్రకారము ఒప్పందము తప్పిన కూలీని జైలులో పెట్టవచ్చును. 1921లో సుర్మాలోయలోని చార్‌గోలా తోటలనుండి వేలాదిమంది కూలీలు పని విడిచి స్వస్థలములకు బయలుదేరగా, చాందపూరు స్టేషనులో వారిమీద సైనికులను ప్రయోగించారు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1951లో ఇల్లు, మంచినీరు, వైద్యము యజమాని బాధ్యతలని ఒక చట్టము చేయవలసివచ్చినది.

నన్ను అన్నిటికంటె ఆలోచింపజేసిన సంగతి వేరొకటి. ఆ దూరదేశపు కూలీలను అసలు ఎందుకు తెచ్చారు? స్థానికులైన అస్సామీ రైతులు తోటలలో ఆ కూలికి పనిచేయుటకు ఇష్టపడలేదు. వారికి తమ పొలములు ఉన్నవి. తోట దొరలు, అధికారులు దానిని అట్లా అర్థము చేసికొనలేదు. ఆ ప్రజలు సోమరులని అన్నారు. నల్లమందుకు అలవాటుపడినవారని అన్నారు. క్లబ్బులో కూర్చుండి, పానీయము చేతబట్టుకొని, ఊరక అనుకొన్న మాటలే అయి ఉంటాయవి. ఆ మాట ఒకరినుండి ఒకరికి ప్రాకి, నివేదికలలోనికి ఎక్కి, దూరదేశపు కూలీలను తెచ్చే ఏర్పాటునకు ఒక సాకైనది. వచ్చిన కూలీలు ఎదురు తిరిగినపుడు వారిని కూడ సోమరులే అన్నారు. నేను వరండాలో అన్నది ఆ పాతమాటయే. దానిని నా సొంత అభిప్రాయమనుకొన్నాను! టీ పొడి ఏ దారిన మా ఇంటికి వచ్చినదో ఆ అభిప్రాయమును ఆ దారినే వచ్చినది.

ఈ ఆలోచనతో నేను టీ మానివేశాను. మొదటి మూడు రోజులు తలనొప్పి. నాలుగవనాటినుండి తలనొప్పి పోయి, దాని స్థానమున ఒకవిధమైన గర్వము ప్రవేశించినది. ఎవరైన టీ ఇస్తే, 'నేను మానివేశానండి' అని చెప్పుటలో నాకు టీలో కంటె ఎక్కువ రుచి దొరకసాగినది. మా ప్రక్కింట రైల్వేలో గార్డుగా పనిచేసి విరమించిన పెద్దమనిషి ఉన్నారు. ఏండ్ల తరబడి ప్రతి ఉదయము మా వరండాకు వచ్చి, పత్రిక చదివి, టీ త్రాగి వెళ్లుట ఆయన అలవాటు. నేను సమ్మెను గురించి ఆ మాట అన్నపుడు 'అంతే మరి' అని తల ఊపినది ఆయనయే. నేను మానిన తరువాత నాలుగైదు దినములు వచ్చారు. ఆయనకు మాత్రము మా ఇంటివారు టీ తెచ్చి ఇచ్చేవారు. తరువాత రాలేదు. పన్నెండవనాడు ఏమైనదోనని నేనే వారింటికి వెళ్లాను.

'మీరు మానినారు, సంతోషమే మాస్టారూ,' అన్నారాయన. 'కాని మీ ఎదుట నేనొక్కడినే కూర్చుండి త్రాగుతూ ఉంటే తప్పు చేసినవానివలె ఉన్నది. అందుకని రాలేదు.' ఇంతలో ఆయన భార్య తలుపువద్దకు వచ్చి, 'అన్నయ్యగారూ, మీకు మజ్జిగ తేనా?' అని అడిగినది. ఆమె కంఠములో ఎగతాళి లేదు. అతిథికి ఏమి పెట్టవలెనో తెలియని చిక్కు మాత్రము ఉన్నది.

అప్పుడు నాకు తోటలోని వృద్ధురాలి మాట జ్ఞాపకము వచ్చినది. ఆ గ్లాసు క్రిందపెడుతూ, 'ఇక నాకు టీ రుచింపదేమోనమ్మా' అని నేను అన్నాను. ఆమెకు నా భావము అర్థము కాలేదు. 'అట్లా అనకండి బాబూ, మీరు త్రాగకపోతే మాకు పని ఎక్కడిది?' అన్నది. అప్పుడు దానిని అమాయకత్వమనుకొని నవ్వి వచ్చాను. నిజమునకు ఆమెయే సరిగా చెప్పినది. నేను మానుటవలన ఆమె కూలి ఒక్క పైసా పెరుగలేదు. ఆమె లైనులోని ఇల్లు కప్పు మారలేదు. నేను చేసినదల్లా నా మనస్సునుండి ఆమెను బయటకు పంపివేయుటయే. టీ లేనిచో ఆమె జ్ఞాపకమును రాదు గదా! వైరాగ్యమని నేను అనుకొన్నది నిజమునకు చేతులు కడుగుకొనుట. దానికితోడు ప్రక్కింటి మిత్రుని పోగొట్టుకొంటిని. ఒక విసరును ఆపదలచి మరొకటి విసరాను. అది ఆ దంపతుల గుమ్మములో పడినది.

'మజ్జిగ వద్దమ్మా, టీయే ఇయ్యండి' అన్నాను. త్రాగుతూ ఆ తోట సంగతి అంతయు చెప్పాను. ఉప్పు టీ సంగతి, వ్రేళ్ల సంగతి, నేను అన్న మాట సంగతి. ఆయన చాలసేపు మాట్లాడలేదు. చివరకు, 'ఆ మాట మీరొక్కరే అనలేదు మాస్టారూ, నేనును తల ఊపాను' అన్నారు. ఆ తరువాత మరునాడు యథాప్రకారము మా వరండాకు వచ్చారు.

ఇంతకును నా ప్రశ్నకు సమాధానమేమి? అలవాటు ఎవరిది? మొదలుపెట్టినవానిది కాదు. కేవలము అనుభవించేవానిదియు కాదు. దానిని గురించి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలవానిది అని నాకు తోచుచున్నది. ఇది నాకు ఎట్లా వచ్చినది? కావలసినపుడు దీనిని నేను ఆపగలనా? దీని భారము ఎవరిమీద పడుతున్నది? మొదటి ప్రశ్నకు జవాబు తెలియనివాడు ఇతరులు నాటిన విత్తుకు పొలము మాత్రమే. రెండవదానికి జవాబు లేనివాడు బానిస. మూడవదానిని అడుగనివాడు, తాను ఎంత సాధువైనను, ఎవరి చేతివ్రేళ్లనో ఎరుగకుండ వాడుకొంటున్నవాడు. ఈ మూడింటిని అడిగిన తరువాత కూడ టీ త్రాగవచ్చును. అప్పుడు అది అభ్యాసమవుతుంది. మనస్సును ఒక దిక్కునకు మరలించే పని అవుతుంది. అడుగకుండ త్యజించినను అది వ్యసనమే. ఈ జవాబుతో తోటలలోని కూలి సమస్య తీరుతుందని నేను చెప్పను. అది చట్టములతో, ధరలతో, సంఘములతో తీరవలసినది. కాని ఆ సమస్యను తీర్చవలసిన ప్రజలలో నేనును ఒకడిని. ఆ ప్రజలు వరండాలలో కూర్చుండి ఏమనుకొంటారన్నది అంత చిన్న విషయము కాదు.

అభిప్రాయముల విషయమున ఈ ప్రశ్నలు మరింత అవసరమని నా నమ్మకము. టీ త్రాగితే కనీసము వెల ఇయ్యవలెను. ఊరక అనే మాటకు అనేవాడు ఏమియు చెల్లింపడు. అందుచేతనే దానిని అంత ధారాళముగా వాడుతాము. పనిమనిషిని గురించి, పొరుగు కులమువారిని గురించి, మరొక రాష్ట్రమువారిని గురించి, ఎన్నడును చూడని కూలీలను గురించి రోజును మనము అనే మాటలలో ఎన్ని మనము ఆలోచించినవి? ఎన్ని మన తాతల వరండాలనుండి, అంతకు పూర్వము దొరల క్లబ్బులనుండి వచ్చినవి? మాట్లాడుట మానివేయుట దీనికి మందు కాదు. మౌనవ్రతము పట్టినవాని మనస్సులో కూడ ఆ మాటలు తిరుగుతూనే ఉంటాయి. మంచి మిత్రుడు ఎదుట కూర్చుండగా, అన్న మాటను మరల ఒకసారి వినుట, ఇది మనకెక్కడిదని అడుగుట, తప్పని తోచినపుడు ఆ మిత్రుని ఎదుటనే తప్పని చెప్పుట, ఇంతవరకు చేయగలము. అన్నవాడు ఒకడైతే తల ఊపినవాడు మరొకడు ఉంటాడు; కనుక ఈ పని ఇద్దరు కూడి చేయవలసినదే.

ఇప్పటికిని ప్రతి ఉదయము మా వరండాలో రెండు కప్పులు వస్తాయి. మొన్న ఒకనాడు పత్రికలో ఎక్కడనో ఒక తోట మూతపడినదని చిన్న వార్త వచ్చినది. మునుపైతే మేమిద్దరము ఏదో ఒకటి అని పుట త్రిప్పేవారమే. ఆనాడు ఆయన వార్తను బిగ్గరగా చదివి, పత్రికను ఒడిలో పెట్టుకొని, 'ఆ ముసలమ్మ తోట కాదు గదా?' అని అడిగారు. కాదని చెప్పాను. ఇద్దరమును కొంతసేపు ఊరకున్నాము. టీ చల్లారినది. లోపలినుండి మరల వేడిచేసి తెస్తామన్నారు; అక్కరలేదని, చల్లారినదానినే త్రాగాము.